అంకె అని రాసిపెట్టిన అక్షరాలు

మంగళవారం ఉదయం పదకొండుంబావుకు సంతోష్‌నగర్‌లోని మా ఆఫీసులో ఫోన్ మోగింది. హుస్సేనీ ఆలంలోని ఒక పిల్లల ఆసుపత్రి నుంచి. మందుల గదిలో లేబుళ్లు కొట్టే ప్రింటర్ చెడిపోయిందని ఫిర్యాదు. అప్పటికి నేను ఆ కంపెనీలో టెస్టింగ్ ఇన్‌చార్జిని, రిటైర్ కావడానికి కొద్ది నెలలే ఉంది. ప్రింటర్ల సంగతి సర్వీసు వాళ్లు చూసుకుంటారు, నాకు సంబంధం లేదు. కానీ సర్వీసు ఇంజనీరు ఆ రోజు సెలవు. ఆసుపత్రి మా ఇంటి దారిలోనే కాబట్టి నేనే ఆటో ఎక్కాను.

మా కంపెనీ చిన్నది. ఒక టైలర్ దుకాణం పైన మూడు గదులు. చిన్న ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చేవాళ్లం. యజమానిది పత్తర్‌గట్టిలో తరాలుగా బట్టల హోల్‌సేల్ చేసే కుటుంబం. ఆయన మాత్రం అందులోంచి బయటికొచ్చి ఇది పెట్టాడు. అందరం ఆయన్ని సేఠ్ అనే పిలిచేవాళ్లం. ఆయన కింద ఇద్దరు ప్రోగ్రామర్లు. వాళ్లు రాసింది నా దగ్గరికి వస్తుంది. దాన్ని తిప్పలు పెట్టి, ఎక్కడ విరుగుతుందో చూడటం నా ఉద్యోగం. తప్పుడు తేదీ కొట్టి చూస్తాను, పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదిలి చూస్తాను. నేను సంతకం పెడితేనే అది ఆసుపత్రికి పోతుంది. హోదాకు అంతకన్నా పెద్ద అర్థం లేదు.

నేను కాలేజీ మెట్లెక్కి ఈ పనికి వచ్చినవాణ్ణి కాదు. మాది పాల వ్యాపారం. ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. రాత్రి బడిలో తెలుగు నేర్చుకున్నాను, తర్వాత టైపు, ఆ తర్వాత ఆసుపత్రి రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కించే పని, అక్కణ్ణుంచి ఇక్కడికి. వయసొచ్చాక అక్షరాలు నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. రాసి ఉన్నదాన్ని నమ్ముతాడు. చిన్నప్పుడే బడికి పోయినవాళ్లు గోడ మీద రాతలు చూసి నవ్వుకుంటూ పోతారు. మేము నిలబడి కూడబలుక్కుని చదువుతాం, అంత కష్టపడి చదివింది అబద్ధమంటే ఒప్పుకోం. నాకు ఆ జబ్బు ఆ మంగళవారం దాకా ఉంది.

ఆ రోజు ఏం జరిగిందో అర్థం కావాలంటే మా పనిలో ఒక పద్ధతి గురించి తెలియాలి. మనకు కాగితం మీద ‘3’ కనిపిస్తే అది మూడు, అంతే. కంప్యూటర్‌కు అలా కాదు. అంకె మూడు వేరు, అక్షరంగా ఉన్న మూడు వేరు. అంకెతో లెక్క చేయవచ్చు. అక్షరం పేరులాంటిది, దాన్ని రాసుకోవడమే తప్ప లెక్క చేయకూడదు. ఏది అంకె, ఏది అక్షరం అన్న ఈ తేడానే మా వాళ్లు ‘టైప్’ అంటారు. కొన్ని ప్రోగ్రామింగ్ భాషల్లో ప్రతిదాని టైపూ ముందే చెప్పాలి, చెప్పకపోతే ప్రోగ్రాం తయారే కాదు. మేము రాసే పైథాన్‌లో చెప్పక్కర్లేదు. పని తొందరగా అవుతుంది, తప్పు మాత్రం నడిచేటప్పుడే బయటపడుతుంది. మా ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ ఏళ్ల తరబడి అలాగే రాశారు.

మధ్యేమార్గంగా వచ్చిందే గ్రాడ్యువల్ టైపింగ్. పాత ప్రోగ్రాంను ఆపక్కర్లేదు, తిరగరాయక్కర్లేదు. ఈ వారం ఒక ముక్కకు, వచ్చే వారం ఇంకో ముక్కకు, పక్కన టైపు రాసుకుంటూ పోవచ్చు. రాసినదాన్ని చెకర్ అనే వేరే ప్రోగ్రాం చదువుతుంది. ఒకచోట అంకె అని, ఇంకోచోట అక్షరం అని పొంతన లేకుండా ఉంటే ఎర్ర గీత పెడుతుంది, లేకపోతే పచ్చ టిక్కు. ఈ పద్ధతిని మా ఆఫీసుకు తెచ్చింది హర్షిత, మా ఇద్దరు ప్రోగ్రామర్లలో సీనియర్. నాకు మహా నచ్చింది. ప్రతిదాని పక్కన అది ఏమిటో రాసి ఉండటమనేది నాబోటివాడికి దేవుడిచ్చిన వరం. మందు మోతాదు లెక్క అన్నిటికన్నా ముఖ్యం కాబట్టి ముందు దానికే రాయించాం. బిడ్డ బరువు: అంకె. కిలోకు ఎంత మందు: అంకె. మొత్తం మోతాదు: అంకె. పచ్చ టిక్కు వచ్చింది. నేను బరువులు చేత్తో కొట్టి రకరకాలుగా పరీక్షించాను. అన్నీ సరిగ్గా వచ్చాయి. సంతకం పెట్టాను.

ఆసుపత్రి మందుల గది ఖలీల్ భాయ్‌ది. నా పాల డబ్బాల రోజుల నుంచి ఎరిగినవాడు. నన్ను చూడగానే లేబుళ్ల చుట్ట నా ముఖం ముందు ఊపాడు.

“ఆవో యాదగిరి భాయ్, ఆవో. మీ మిషన్‌కు నత్తి పట్టింది. ఒక్కటే మాట రెండు సార్లు అంటున్నది.”

చూశాను. మిల్లీగ్రాములు ఉండాల్సిన చోట 8.68.6 అని ఉంది. ఇంకోదాని మీద 4.54.54.5. కొందరు పిల్లలకు అసలు లేబులే రాలేదట, వాళ్లవి ఆయన డాక్టర్ను అడిగి చేత్తో రాసి ఇచ్చాడట. నాకేమీ అనుమానం రాలేదు. ప్రింటర్ మూత తీశాను, దుమ్ము తుడిచాను, ఆపి మళ్లీ పెట్టాను. అదే లేబుల్ మళ్లీ కొట్టాను. మళ్లీ 8.68.6.

“సాఫ్ జేస్తె నత్తి పోతదా భాయ్? హకీం దగ్గరికి తోల్కపో,” అన్నాడు ఖలీల్ భాయ్.

అప్పుడు కంప్యూటర్ తెర వైపు చూశాను. తెర మీద కూడా 8.68.6 అనే ఉంది. ప్రింటర్ తప్పేమీ లేదు. తనకిచ్చింది తాను కొడుతోంది. హర్షితకు ఫోన్ చేసి తెర మీద ఉన్నది చదివాను. బరువు 8.6, కిలోకు 2, మోతాదు 8.68.6.

“సార్, ఎనిమిది పాయింట్ ఆరు రెండుసార్లు ఉంది, సూడుండ్రి. గుణించలే అది. పక్కపక్కన అతికిచ్చింది.”

పైథాన్‌లో అక్షరాన్ని రెండుతో గుణించమంటే అది తప్పని చెప్పదు. ఆ అక్షరాన్ని రెండుసార్లు రాసి ఇస్తుంది. అది లోపం కాదు, భాషలో కావాలని పెట్టిన సౌకర్యమే. మూడుతో గుణించమంటే మూడుసార్లు రాస్తుంది. రెండున్నరతో అంటే మాత్రం చేతకాక ఆగిపోతుంది. లేబుళ్లు రాని పిల్లల సంగతి అదన్నమాట. అంటే మా లెక్కలోకి వచ్చిన బరువు అంకె కాదు, అక్షరం.

“అంకె అని రాసినవ్ గదమ్మా దాని పక్కకు,” అన్నాను.

“రాసిన సార్.” వెంటనే తనే అడిగింది. “సార్, పొద్దటిసంది పాయింట్ లేని బరువు ఎవరిదన్న వచ్చిందా? ఉత్త నాలుగు, ఉత్త ఐదు, గట్ల? జెల్ది సూడుండ్రి.”

ఎందుకు అడుగుతోందో నాకు అప్పుడు వెలిగింది. పాయింట్ ఉంటే తప్పు తప్పులాగే కనబడుతుంది, ఎవరూ దాన్ని వాడరు. పాయింట్ లేకపోతే తప్పు మోతాదులాగే కనబడుతుంది. తెర మీద ఉదయం నుంచి వచ్చినవన్నీ పైకి జరిపాను. ఒకటి దొరికింది. బరువు 3. కిలోకు 2. మోతాదు 33. రావాల్సింది ఆరు.

ఖలీల్ భాయ్ నా భుజం మీదుగా చూస్తున్నాడు. నవ్వు ఎటు పోయిందో పోయింది.

“యా అల్లా. ఆ లేబుల్ నేనే ఇచ్చి పంపిన భాయ్. గదొక్కటే సాఫ్‌గ వచ్చిందని ఇచ్చిన. పై వార్డుకు పోయింది.”

ఆ మాట నా చెవిలో పడ్డాక నేను ఏం చేశానో వరసగా గుర్తు లేదు. మెట్ల మీద ఉన్నాను. నా ముందు ఆయా బాలమ్మ ఒక చిన్న మందు సీసా గుప్పిట్లో పట్టుకుని నిదానంగా ఎక్కుతోంది. ఆమెను తోసుకుని పైకి పోయాను. “ఏందయ్యా ముసలోడా, ఇంత పెద్దగైనవ్, గిట్ల మీద పడ్తవేంది?” అని వెనక నుంచి తిట్టింది.

వార్డులో కిటికీ పక్క మంచం మీద ఒక తల్లి, లలిత, ఒళ్లో బిడ్డను పెట్టుకుని కూర్చుంది. బిడ్డ చేతికి మందు ఎక్కించే సూది కట్టి ఉంది. సిస్టర్ మమత చేతిలో సిరంజి ఉంది.

“ఆపు సిస్టర్! సూది ఇయ్యకు!”

వార్డు మొత్తం నా వైపు తిరిగింది. మమత సిరంజి పైకెత్తి పట్టుకుంది. నేను ఊపిరి అందక మంచం కమ్మీ పట్టుకుని, లేబుల్ తప్పు, ముప్పై మూడు కాదు ఆరు అని చెప్పాను. ఆమె ట్రేలోని లేబుల్ చూసింది, సిరంజి చూసింది, మళ్లీ లేబుల్ చూసింది.

“ముప్పై మూడని సాఫ్‌గ ఉందన్నా. కింద డాక్టరమ్మ పేరు గూడ ఉంది.”

ఆ మందు సీసాలు వార్డుల్లోనే ఉంటాయి, సీసాకు పది మిల్లీగ్రాములు. ట్రేలో మూడే ఉన్నాయి. మూడూ సిరంజిలోకి తీసేసింది. మిగతా మూడు మిల్లీగ్రాముల కోసం ఇంకో సీసా కావాలి. దాని కోసం బాలమ్మను కింది వార్డుకు పంపి, ఆమె రాక కోసం చూస్తోంది. అప్పుడే బాలమ్మ నన్ను తిట్టుకుంటూ లోపలికి వచ్చింది. నాలుగో సీసా ఆమె గుప్పిట్లో ఉంది.

ట్రేలో నాలుగు సీసాలు ఉండి ఉంటే నేను ప్రింటర్ తుడుస్తున్నప్పుడే ఆ మందు బిడ్డ ఒంట్లోకి పోయి ఉండేది. మా పచ్చ టిక్కు ఆ బిడ్డను కాపాడలేదు, నా సంతకమూ కాపాడలేదు. ట్రేలో ఒక సీసా తక్కువ ఉంది, అంతే.

మమతను ఒక్క మాట అడిగాను, ఇంత చిన్న బిడ్డకు నాలుగు సీసాలంటే అనుమానం రాలేదా అని. వచ్చిందట. కానీ కంప్యూటర్ వచ్చాక ఆ ఆసుపత్రిలో ఒక నియమం పెట్టారు: లేబుల్ మీద ఉన్నదే చివరి మాట, నర్సులు చేతి లెక్కలు చేసి మందు ఆలస్యం చేయకూడదు. అంతకుముందు చేతి లెక్కల్లో తప్పులు జరిగాయని పెట్టిన నియమమే అది. ఆమె సిరంజిని ట్రేలో పెట్టి, ట్రేను మంచానికి దూరంగా జరిపింది.

డాక్టర్ జైనబ్ వచ్చింది. కాగితం మీద లెక్క వేసి, ఆరు మిల్లీగ్రాములు కొత్త సిరంజిలో తీయించి, తన ముందే ఇప్పించింది. తర్వాత నా వైపు తిరిగి, ఈ ముప్పై మూడు ఎవరు రాశారని అడిగింది. మేమేనని చెప్పాను. అంతసేపూ మాట్లాడని లలిత అప్పుడు నన్ను అడిగింది.

“మిషన్‌కు లెక్క రాదా పెద్దయ్యా?”

“వస్తదమ్మా. దాని దగ్గరికి వచ్చింది లెక్క అని దానికి తెల్వలే.”

ఆమెకు అది జవాబులా అనిపించలేదు. అనిపించాల్సిన అవసరమూ లేదు. బిడ్డను కొంగు లోపలికి లాక్కుని అటు తిరిగి కూర్చుంది.

నేను కిందికి దిగి ఓపీ కౌంటర్‌కు పోయాను. పిల్లల్ని తూచే కొత్త కాంటా అక్కడ ఉంది, దాని నుంచి కంప్యూటర్‌కు ఒక తీగ. ముందు రోజు సాయంత్రం మా సర్వీసు ఇంజనీరు కలిపి పోయాడు, ఆ ఉదయం నుంచే వాడుతున్నారు. అంతకుముందు కౌంటర్‌లో బరువు చూసి చేత్తో కొట్టేవారు, కొట్టే గడిలోనే అది అంకెగా మారేది. నేను పరీక్షించింది ఆ దారినే. తీగ కలపడం సర్వీసు కిందికి వస్తుంది, అందుకే ఆ సంగతి నా టేబుల్ మీదికి రాలేదు. కాంటా మాత్రం తన బరువును అక్షరాలుగా పంపుతోంది. పాయింట్ తర్వాత సున్నా వస్తే దాన్ని వదిలేస్తోంది. మూడు కిలోలకు ఉత్త 3. తీగ పీకి పక్కన పడేశాను. ఉదయం నుంచి వచ్చిన లేబుళ్లన్నీ ఖలీల్ భాయ్, నేను డాక్టర్ జైనబ్ ముందు ఒక్కొక్కటీ సరిచూశాం. పాయింట్లున్నవాటిని ఎవరూ వాడలేదు. అవి చదవడానికే రావు కాబట్టి.

అప్పుడు సేఠ్ ఫోన్ చేశాడు. సంగతంతా విన్నాడు. విని, “యాదగిరీ, ఫిర్యాదు ప్రింటర్ మీదనే గద వచ్చింది. ప్రింటర్ ఖరాబ్ అనే రాయరాదూ,” అన్నాడు. ఆ రోజు నేను నిర్ఘాంతపోవడం అది ఎన్నోసారో లెక్కపెట్టలేదు. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు.

“సేఠ్, ఫిర్యాదు ప్రింటర్‌దే. సచ్చేటిది పిల్ల. రేపు ఇంకోడు గట్లనే కాంటా తీగ వెడ్తడు.”

చివరికి, ఏది నిజమైతే అది రాసి ఇవ్వమన్నాడు.

హర్షిత స్కూటీ మీద వచ్చింది. ముఖం సున్నం కొట్టినట్టుంది. ముందు పై వార్డుకు పోయి బిడ్డను చూసి వచ్చింది. తర్వాత మందుల గది కంప్యూటర్లో ప్రోగ్రాం తెరిచింది. నేను నా కళ్లతో చూస్తానని పట్టుబట్టాను. చూపించింది. మోతాదు లెక్క మొదటి వరసలోనే ఉంది, బరువు, దాని పక్కన అంకె అని. ఇంగ్లీషులో ఉన్నా అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. ఇప్పుడు ఆ బరువులో నిజంగా ఏముందో మిషన్‌నే చెప్పమని అడిగింది. అక్షరం, అని తెర మీద వచ్చింది. రెండు మాటలూ ఒకే తెర మీద, ఒకదాని కింద ఒకటి. పైన రాసింది అంకె, లోపల ఉన్నది అక్షరం.

ముప్పై ఏళ్లకు పైగా చదవడం వచ్చిన మనిషిని. ఆ తెర ముందు మళ్లీ ఏమీ రానివాడిలా నిలబడ్డాను.

“మరి రాసింది ఎవరు సదువుతరమ్మా?” అని అడిగాను.

“చెకర్ ఒక్కటే సదువుతది సార్, మనం రాసేటప్పుడు. ప్రోగ్రాం నడిచేటప్పుడు ఎవరూ సదవరు. ఉన్నా లేకున్నా దానికి ఒక్కటే.”

“మరి చెకర్ ఎందుకు పట్టలే?”

కాంటాలాంటి బయటి మిషన్ల నుంచి వచ్చినదాన్ని అందుకునే ముక్క పాతదట. దానికి టైపులు రాయబోతే అంతా ఎర్ర గీతలే వచ్చాయట. ఆ ముక్క వంతు వచ్చేదాకా ఉండనీ అని, అది ఇచ్చే ప్రతిదాని పక్కన ‘ఏదైనా’ అనే అర్థం వచ్చే మాట పెట్టారు. మా పనిలో ఇది అందరూ చేసేదే, పద్ధతిలో భాగమే.

“ఏదైనా అంటె ఏంది?”

“ఏదైనా అంటె... దీన్ని అడగొద్దు అని, సార్. అది అంకె అన్న కాడికి పోయినా ఊకుంటది, అక్షరం అన్న కాడికి పోయినా ఊకుంటది.”

“పచ్చ టిక్కు మరి?”

“రాసినంతల నాకు తప్పు కనపడలే అన్నట్టు సార్. అంతా మంచిగున్నది అన్నట్టు గాదు.”

“ఈ ముక్క నాకు ముందుగాల చెప్పొద్దా?”

“మీకు తెల్సు అనుకున్న సార్. అందరికి తెల్సు అనుకున్న.”

నేనేమో ఆమె రాసింది కాబట్టి మిషన్ దాన్ని పాటిస్తుందనుకున్నాను. ఎవరమూ ఎవరినీ మోసం చేయలేదు. పాల కేంద్రంలో మా డబ్బా మీద పాలు అనే రాసి ఉండేది, అయినా గేటు దగ్గర ప్రతి డబ్బా మూత తీసి, నీళ్లు కలిశాయేమోనని లాక్టోమీటర్ ముంచి చూసేవారు, అది ఎవరి డబ్బా అయినా సరే. ఆ పని మేము మా గేటు దగ్గర చేయలేదు. రాసి ఊరుకున్నాం.

ఆ సాయంత్రమే డాక్టర్ జైనబ్‌కు ఉన్నదున్నట్టు రాసి ఇచ్చాం. మోతాదు ఒక గరిష్ఠ పరిమితి దాటకుండా చూసే ముక్కను రెండో విడతలో పెట్టుకుందామని వాయిదా వేసుకున్న సంగతి కూడా అందులో రాశాను. అది ఉండి ఉంటే మిషన్ అక్షరాన్ని అంకెతో పోల్చలేక అక్కడే ఆగిపోయేది. తర్వాతి వారాల్లో బయటి నుంచి ఏది వచ్చినా ద్వారం దగ్గరే ఆపి, అంకెగా మార్చి, మారకపోతే వెనక్కి కొట్టే కాపలా పెట్టాం. అది ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు పనిచేస్తుంది, పక్కన రాసిన మాట మీద ఆధారపడదు. లేబుల్ మీద మోతాదుతో పాటు బరువు, కిలోకు ఎంత అన్నదీ కొట్టించాం. ఆసుపత్రి వాళ్లు తమ నియమం మార్చుకున్నారు. ఇప్పుడు పసిపిల్లల మందును ఇద్దరు విడివిడిగా లెక్క వేస్తారు. మమత ఉద్యోగానికి ఏమీ కాలేదు.

గ్రాడ్యువల్ టైపింగ్‌ను నేను తప్పుపట్టను. పాత ప్రోగ్రాంలను బాగు చేసుకోవడానికి అంతకన్నా తెలివైన దారి నాకు తెలియదు. కానీ టైపు రాసిన భాగమూ రాయని భాగమూ కలిసే అతుకు దగ్గరే ప్రమాదం ఉంటుంది, పచ్చ టిక్కు ఆ అతుకును చూపించదు. రాయడం వేరు, తనిఖీ చేయడం వేరు, నడిచేటప్పుడు ఆపడం వేరు. రిటైర్ అయ్యేదాకా ఆ తర్వాత నా ముందుకు వచ్చిన ప్రతిదానికీ సంతకం పెట్టేముందు పచ్చగా ఉందా అని అడగడం మానేశాను. ఇందులో ‘ఏదైనా’ అని ఎక్కడెక్కడ పెట్టారో చూపించండి అని అడిగాను. చూపించేదాకా కలం తీయలేదు.

ఆ మంగళవారం అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు: మందుల గదిలో ఖలీల్ భాయ్. పై వార్డులో సిస్టర్ మమత, ఆయా బాలమ్మ, డాక్టర్ జైనబ్. సంతోష్‌నగర్ నుంచి వచ్చిన హర్షిత. యాదగిరి అనే నేను. లలిత. ఆమె ఒళ్లో బిడ్డ, ఆడపిల్ల, ఇరవై ఒకటో రోజు ఇంకా రాలేదు కాబట్టి పేరు పెట్టలేదు, బరువు మూడు కిలోలు.